ఫోటో తీసినోని ఫోటో ఏది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మామూలుగ ఈ పేజీకి వచ్చే ఉత్తరాలల్ల సగం రేషన్ కార్డు గురించి, కులం సర్టిఫికెట్ ఏ రాష్ట్రంల తీసుకోవాలె అనే గొడవ గురించే ఉంటయ్. ఈసారి మన మహారాష్ట్ర దిక్కు బల్లార్షా నుంచి వచ్చిన ఒక ఉత్తరాన్ని ఎవరో ఫోటో కొట్టి వాట్సాప్ గ్రూపులల్ల పెట్టిన్రట, అది సిరోంచ దాకా, ఇటు ధర్మాబాద్ దాకా తిరిగి దాని మీదనే ఇంకో ఆరు ఉత్తరాలు వచ్చి పడ్డయ్. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్న, రేషన్ కార్డులోళ్లు ఒక్క నెల ఓపిక పట్టుండ్రి.

ప్రశ్న: మాది బల్లార్షా. తాతల కాలంల కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చినోళ్లం. మా వాడల 78 ఏండ్ల స్టూడియో తాత ఒకాయన ఉన్నడు. పెండ్లిళ్లు, పాస్‌పోర్ట్ సైజులు తీసుకుంటనే 40 ఏండ్ల సంది మా మోర్చాలు, ధర్నాలు, ఏప్రిల్ 14 ఊరేగింపులు, సఫాయి కార్మికుల సమ్మె అన్నీ తీసిండు, ఎన్నడూ పైసలు అడగలే. ఈ జయంతికి ఆయనకు సత్కారం చేద్దామని మా మండలి సంఘపోళ్లు అనుకుంటున్నరు. ఆయన స్టూడియో గోడకు ఒక పాత అమెరికా ఫోటో అంటించి ఉంటది, నల్లజాతి మగోళ్లు వరుసగ నిలబడి ఉంటరు, అందరి చేతులల్ల ఒక్కతీరు అట్టలే. అది తీసినాయన గురించి గూడ స్టేజీ మీద నాలుగు ముక్కలు చెప్పాలని ఉంది. ఆయన ఎవరు? ఇంక సత్కారం అంటే శాలు, శ్రీఫలం, మొమెంటో ఇవి సరిపోతయా?
– బల్లార్షా పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు గోడ మీది ఫోటో సంగతి చెప్త. అది 1968 మార్చి 28 నాడు అమెరికాల మెంఫిస్ అనే ఊళ్లె, క్లేబోర్న్ టెంపుల్ అనే చర్చి ముందు తీసింది. తీసినాయన పేరు ఎర్నెస్ట్ విథర్స్. ఆ అట్టల మీద ఉన్నది 'ఐ యామ్ ఎ మ్యాన్', అంటే నేను మనిషిని అని. వాళ్లు ఎవరో లీడర్లు కాదు, ఊరి చెత్త ఎత్తే మున్సిపాలిటీ కార్మికులు. ఆ యేడు ఫిబ్రవరి 1న వాన దంచుతుంటే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అని ఇద్దరు కార్మికులు చెత్త బండిలనే తలదాచుకున్నరు, చెత్తను నలిపే మిషన్ దానంతట అదే నడిచి ఇద్దరినీ నలిపి చంపేసింది. 12వ తారీకు నాడు దగ్గర దగ్గర 1300 మంది పని బంద్ పెట్టిన్రు. జీతం పెంచాలె, యూనియన్‌ను ఒప్పుకోవాలె అనే డిమాండ్లు ఉన్నయ్, గని అట్ట మీద అవేమీ రాయలే, నేను మనిషిని అని ఒక్క మాట రాసిన్రు. ఎందుకంటే అక్కడ తెల్లోళ్లు నెరిసిన జుట్టు ఉన్న మనిషిని గూడ 'బాయ్' అనే పిలిచేటోళ్లు. అరవై ఏండ్ల మనిషిని 'ఏ పోరగా ఇటు రా' అని పిలిచే దొరలను మన తాతలు చూసిన్రు గద, అందుకే మీ స్టూడియో తాతకు ఆ అట్ట చదవనీకి ఇంగ్లిష్ అవసరం పడి ఉండదు.

ఆ ఊరేగింపుల మార్టిన్ లూథర్ కింగ్ ముందు నడిచిండు. అది గడబిడ అయి ఆగిపోయింది, పోలీసు కాల్పులల్ల లారీ పేన్ అని 16 ఏండ్ల పిల్లగాడు సచ్చిపోయిండు. వారం తిరిగేసరికి ఏప్రిల్ 4న అదే ఊళ్లె లొరైన్ మోటెల్ బాల్కనీల కింగ్‌నే కాల్చి చంపిన్రు. ఏప్రిల్ 16న సమ్మె గెలిచింది, యూనియన్‌ను ఒప్పుకున్నరు.

ఇంక విథర్స్ సంగతి, ఇది వింటే మీకు మీ తాతే యాదికొస్తడు. 1922ల మెంఫిస్‌లనే పుట్టిండు, రెండో ప్రపంచ యుద్ధంల ఫౌజుల ఉన్నప్పుడు కెమెరా పని నేర్సుకున్నడు, మధ్యల కొన్నేండ్లు పోలీసు నౌకరి గూడ చేసిండు, ఆ ఊళ్లె మొట్టమొదట తీసుకున్న నల్లజాతి పోలీసులల్ల ఆయన ఒకడు. నౌకరి పోయినంక స్టూడియో పెట్టుకొని బతికిండు. స్టూడియో బోర్డు మీది మాట 'పిక్చర్స్ టెల్ ద స్టోరీ', బొమ్మలే కథ చెప్తయ్ అన్నట్టు. పెండ్లిళ్లు తీసిండు, చావులు తీసిండు, నల్లోళ్ల బేస్‌బాల్ టీములను తీసిండు, బీల్ స్ట్రీట్‌ల పాటలు పాడేటోళ్లను తీసిండు. ఇంటినిండ పిల్లలు, ఆ పెండ్లి ఫోటోల పైసలతోనే ఇల్లు నడిచేది, అదే చేత్తోటి ఉద్యమం గూడ తీసేటోడు. 1955ల మిస్సిసిప్పీల ఎమ్మెట్ టిల్ అని 14 ఏండ్ల పిల్లగాన్ని తెల్లోళ్లు ఎత్తుకపోయి చంపిన్రు, ఆ కేసు విచారణకు గూడ విథర్స్ పోయిండు. ఆ పిల్లగాని పెద్ద తాత మోసెస్ రైట్, అప్పుడు 64 ఏండ్లు, నిండు కోర్టుల లేచి నిలబడి తెల్లోని దిక్కు వేలు పెట్టి చూపిచ్చిండు. జడ్జి ఫోటోలు వద్దన్నా ఆ వేలు చూపిన ఫోటో బయటికి వచ్చింది, అది విథర్స్ తీసిందనే చెప్తరు. అంతా తెల్లోళ్లే ఉన్న జ్యూరీ గంటా ఏడు నిమిషాలల్ల హంతకులను ఇడిచిపెట్టింది. విథర్స్ ఊకోలే, తన ఫోటోలతోటి చిన్న పుస్తకం అచ్చేసి ఒక్క డాలర్‌కు అమ్మిండు.

సత్కారం సంగతికి వస్త. నేను ఒక సభ చూసిన, ఊరి పేరు చెప్పను. ఇట్లనే ఒక పెద్ద ఫోటోగ్రాఫర్‌ను స్టేజీ ఎక్కించి శాలు కప్పిన్రు, కొబ్బరికాయ చేతుల పెట్టిన్రు, సరిగ్గ అప్పుడే ఫోటో తియ్యనీకి పిలిపిచ్చిన పిల్లగాని ఫ్లాష్ పనిచెయ్యలే. ఆయన శాలు ముడిచి కుర్చీ మీద పెట్టి కిందికి దిగి ఆ పిల్లగాని కెమెరా సరిచేసి, గ్రూప్ ఫోటో గూడ తనే కొట్టిండు. ఆ సభ ఫోటోల ఎమ్మెల్యే మనిషి ఉన్నడు, మండలి అధ్యక్షుడు ఉన్నడు, సత్కారం అయినాయన లేడు. అందరూ నవ్విన్రు, నేను గూడ నవ్విన, ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

శాలు కప్పుండ్రి, వద్దనను, మహారాష్ట్రల ఉండి శాలు శ్రీఫలం లేకుండ సత్కారం చేస్తే మర్యాద ఉండదు గూడ. గని అది ఆఖరి రోజు పని. దానికి ముందు ఒక రెండు నెలలు ఆదివారం ఆదివారం ఇద్దరు పిల్లలు ఆయన పక్కన కూసొని డబ్బాలు తెరిచి ఒక్కొక్క ఫోటో చూసుకుంట అడగాలె. తాతా, ఇది ఏ సాల్, ఏ చౌక్, ఈ ముందల జెండా పట్టిన అమ్మ ఎవరు, ఈమె బిడ్డలు ఇప్పుడు ఏడున్నరు, ఆ రోజు లాఠీచార్జ్ అయిందా కాలేదా. ఫోన్‌ల ఆయన గొంతు రికార్డు పెట్టుండ్రి, ఎందుకంటే ఒక ఫోటో అడిగితే ఆయన నాలుగు కథలు చెప్తడు, రాసుకునే పిల్లకు చెయ్యి అందదు. మెంఫిస్ ఫోటో లోకమంతా చూసింది, గని ఆ వరుసల అట్ట పట్టుకొని నిలబడ్డోళ్లల్ల చాలామంది పేర్లు చూసినోళ్లకు తెల్వదు. నేను మనిషిని అని అట్ట పట్టుకున్నోని పేరు తెల్వకపోవుడు నాకైతే గొంతుల ముల్లు లెక్క ఉంటది. మీ తాత బతికి ఉన్నప్పుడే మీ వాడ ఫోటోలకు ఆ గతి పట్టకుండ చూసుకోవచ్చు. మొమెంటో పైసలు మిగిల్తే ఆ పైసలతోటి ఒక స్టీల్ బీరువా కొనివ్వుండ్రి.

ప్రశ్న: అన్నా, ఆ బల్లార్షా ఉత్తరం చూసి నేను నెట్‌ల వెతికిన. విథర్స్ ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్ అట కద! కింగ్ పక్కన తిరుగుకుంటనే పోలీసోళ్లకు వార్తలు అందించిండట. అట్లాంటోని ఫోటో బాబాసాహెబ్ జయంతి నాడు పెట్టొచ్చా? మా హాస్టల్‌ల రెండు వర్గాలై కొట్టుకుంటున్నం.
– చంద్రాపూర్ విద్యార్థిని

జవాబు: నిజమే చెల్లే. పై జవాబుల నేను కావాలనే ఆ మాట ఎత్తలే, నీ ఉత్తరానికి జవాబుల చెప్దామని ఆపిన. విథర్స్ 2007ల చనిపోయిండు, మూడేండ్లకు 2010 సెప్టెంబర్‌ల మెంఫిస్ పత్రికనే, ద కమర్షియల్ అప్పీల్, ఆ సంగతి బయటపెట్టింది. ఎట్ల తెలిసిందంటే ప్రభుత్వం ఇచ్చిన కాగితాలల్ల ఇన్‌ఫార్మర్ నంబర్ మీద నల్లరంగు పుయ్యడం ఒక్క దగ్గర మర్చిపోయిన్రు. ఎంఈ 338-ఆర్ అనేది ఆయన నంబర్. పత్రికోళ్లు కోర్టుకు పోయి ఇంకా కాగితాలు తెప్పిచ్చిన్రు. ఎవరు ఏ మీటింగుకు వచ్చిన్రు, ఎవరు ఎవరితోటి తిరుగుతున్నరు, ఫోటోలతో సహా ఇచ్చిండు, పైసలు తీసుకున్నడు. కింగ్ దగ్గర పనిచేసిన ఆండ్రూ యంగ్ మాకు దాచుకునేది ఏమీ లేకుండె, నాకు బాధ లేదు అన్నట్టు మాట్లాడిండు, ఉద్యమంల ఉన్న నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీ మాత్రం మండిపడ్డడు. మీ హాస్టల్ లొల్లి అక్కడ గూడ అయింది అన్నట్టు.

నా మాట చెప్త, నచ్చకుంటే ఇడిచిపెట్టు. ఫోటో పెట్టుండ్రి, దాని కిందనే అదే సైజు అక్షరాలతోటి ఈయన పోలీసు ఇన్‌ఫార్మర్ గూడ అని రాయుండ్రి. చిన్న అక్షరాలతోటి ఒక మూలకు కాదు. ఆ అట్టలు విథర్స్ సొంతం కాదు, ఆ 1300 మందివి, ఆయన మీద కోపంతోటి వాళ్లను గోడ మీది నుంచి దించేస్తే శిక్ష ఎవరికి పడ్డట్టు? పిల్లలను సాకనీకి పైసలు అవసరమైందా, పాత పోలీసు బుద్ధి పోలేదా, ఒత్తిడి పెట్టిన్రా అని జనం ఇంకా వాదించుకుంటనే ఉన్నరు. మనం ఇక్కడ చంద్రాపూర్‌ల కూసొని దానికి తీర్పు చెప్పలేం.

గని నీ ప్రశ్న చదివినంక నాకు నా సొంత జవాబు మీదనే అనుమానం వచ్చింది, అది దాచను. ప్రతి ఫోటోల ఎవరెవరు ఉన్నరో పేర్లు రాయుండ్రి అని పైన గొప్పగ చెప్పిన. పోలీసోళ్లకు విథర్స్ ఎందుకు కావాలసి వచ్చిండు మరి? సరిగ్గ అందుకే. మొహానికి పేరు జోడించగలిగిన మనిషి ఆయన, ఏ ఇంట్లకైనా పోగలడు, ఏ మీటింగ్ తలుపైనా ఆయనకు తెరిచే ఉంటది, కెమెరా ఉన్నోన్ని ఎందుకొచ్చినవని ఎవరూ అడగరు. అంటే మనం రాసే లిస్టు బీరువాల ఉంటే చరిత్ర, ఇంకో టేబుల్ మీదికి పోతే ఫైల్. పోలీసులకు, నక్సలైట్లకు నడుమ బతికిన అహేరి, సిరోంచ దిక్కు మనుషులకు ఇది నేను ఇడమర్చి చెప్పాల్సిన పని లేదు. అందుకని బల్లార్షా తమ్ముళ్లు గూడ ఇది వినుండ్రి, పేర్లు రాసే పుస్తకం వేరే పెట్టుండ్రి, గోడకెక్కే ఫోటోల ఉన్నోళ్లు బతికి ఉంటే ముందుగాల వాళ్ల ఇంటికి పోయి చూపిచ్చి, పెట్టొచ్చా అని అడిగినంకనే పెట్టుండ్రి. వద్దంటే వద్దు. తాతను గూడ అడగాలె, ఈ డబ్బాలల్ల ఎవరికీ చూపొద్దన్నది ఏమన్న ఉన్నదా అని. ఉంటది, 40 ఏండ్లు ఊళ్లె ఫోటోలు తీసినోని దగ్గర తప్పకుండ ఉంటది.

ప్రశ్న: అంబేడ్కర్ జయంతికి అమెరికోళ్ల ఫోటోలు ఎందుకు? మనోళ్లు లేరా?
– రాజూరా

జవాబు: రెండు లైన్లల్ల మంచిగ తిట్టినవ్ అన్నా. ఉన్నరు, ఎందుకు లేరు. సుధారక్ ఓల్వే అని మన మహారాష్ట్ర ఆయనే, ముంబైల చెత్త ఎత్తే, మోరీలల్ల దిగే కార్మికులను ఏండ్లకేండ్లు ఫోటోలు తీసిండు, 2016ల పద్మశ్రీ ఇచ్చిన్రు. మెంఫిస్ ఫోటో పక్కన ఆయన ఫోటో పెడితే ఈ రెండు ఊర్ల నడుమ సముద్రం ఉన్నదని ఎవడూ చెప్పలేడు.

ఇంకో లెక్క చూడు. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ నాగపూర్‌ల బౌద్ధ దీక్ష తీసుకున్నడు, 16న మన చాందాకు, అంటే ఇప్పటి చంద్రాపూర్‌కు వచ్చి ఇక్కడ లక్షలల్ల జనానికి ఇచ్చిండు, డిసెంబర్ 6న పోయిండు. అదే డిసెంబర్ 21న అమెరికాల మోంట్‌గొమరీ అనే ఊళ్లె నల్లజాతి వాళ్లు, బస్సులల్ల తెల్లోళ్లకు వేరే సీట్లు అనే పద్ధతికి ఎదురుతిరిగి, 381 రోజులు బస్సు ఎక్కకుండ నడిచి నడిచి గెలిచి మళ్ల బస్సు ఎక్కిన్రు. ఆ రోజు బస్సుల కింగ్ కూసున్న ఫోటో తీసినోళ్లల్ల విథర్స్ ఒకడు. రెండు నెలల తేడా అంతే. మీ రాజూరా అయితే ఆ యేడు దాకా హైదరాబాద్ స్టేట్‌ల ఆదిలాబాద్ జిల్లా కిందనే ఉండె, నవంబర్‌ల రాష్ట్రాలు విడదీసేసరికి రాత్రికి రాత్రి ఇటు పడ్డది. ఆ ఒక్క మూడు నెలలల్ల మన తాతల మీది నుంచి ఇంత చరిత్ర పోయింది, మన ఇండ్లల్ల దాని ఫోటో ఎన్ని ఉన్నయ్? మా ఇంట్ల ఒక్కటి ఉండె, చాందా దీక్షాభూమి ముందు మా తాత తెల్ల అంగీ ఏసుకొని నిలబడ్డది, అదీ చాన ఏండ్ల తర్వాతిది. దాని గతి కింద చెప్త.

అమెరికోళ్లను ఎందుకు చూడాలంటే ఒక ముచ్చట కోసం. కింగ్ చనిపోయినప్పుడు అంత్యక్రియల చర్చిల ఫోటోలు తీసే పత్రికోళ్ల గుంపుల నల్లజాతి ఫోటోగ్రాఫర్ ఒక్కడు గూడ లేడని కింగ్ భార్య కొరెట్టాకు తెలిసింది. మావోడు లోపలికి రాకుంటే ఎవరూ వద్దు అని పట్టుబట్టింది. అట్ల లోపలికి పోయినాయన మొనెటా స్లీట్, ఎబోనీ పత్రికల పనిచేసేటోడు. తల్లి ఒడిల చిన్నబిడ్డ బెర్నీస్ పండుకొని ఉన్న ఫోటో తీసిండు, దానికి 1969ల పులిట్జర్ అనే పెద్ద పత్రికా బహుమతి వచ్చింది. ఆమె గట్టిగ నిలబడకపోతే ఆ ఫోటో ఇంకెవరో తీద్దురు, ఎట్ల తీద్దురో ఏమో.

ప్రశ్న: ఫోటో తీస్తే ఏమన్న మారుతదా సార్? మేం రోజుకు పది వీడియోలు పెడుతున్నం, ఎవడూ చూస్తలేడు.
– కిన్వట్

జవాబు: ఒక్కొక్కసారి మారుతది, ఊరికే మారదు. 1963 మేల అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌ల బడి పిల్లలు ఊరేగింపు తీస్తే వాళ్ల మీదికి పోలీసు కుక్కలను వదిలిన్రు, ఫైరింజన్ పైపులతోటి నీళ్లు కొట్టిన్రు. చార్లెస్ మూర్ అని ఒక తెల్ల ఫోటోగ్రాఫర్, అదే రాష్ట్రంల పాస్టర్ కొడుకు, జనం మధ్యల నిలబడి తీసిండు. దూరం నుంచి పెద్ద లెన్స్ పెట్టి తీసేటోడు కాదు, దగ్గరికే పోయేటోడు, అందుకే ఎవరో ఇసిరిన కాంక్రీట్ ముక్క కాలి మడమ దగ్గర తగిలింది, కుంటుకుంటనే తీసిండు. లైఫ్ పత్రిక 11 పేజీలు అచ్చేసింది. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం వచ్చింది, మూర్ ఫోటోల వల్ల ఆ చట్టం తొందరగ వచ్చిందని సెనేటర్ జేకబ్ జావిట్స్ అన్నడని చెప్తరు.

గని పిల్లలు జైలుకు పోనీకి సిద్ధమై రోడ్డు మీదికి వచ్చిన్రు, ఏ రోజు, ఏ వీధి అని వాళ్ల లీడర్లు లెక్క ఏసుకున్నరు, ఫోటోలు దాని ఎనకాల వచ్చినయ్. దేశం చూసింది వేల ఫోటోలు కాదు, కొన్నే, గని దేశమంతా అవే చూసింది. మీరు రోజుకు పది పెడుతున్నరు, అందుల ఒక్కటన్న రెండుసార్లు చూడబుద్ధి అయ్యేది ఉన్నదా అని మీరే చూసుకోవాలె, నేను గీడ కూసొని చెప్తే కోపం వస్తది. ఇంకొకటి, మే 3న అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ బిల్ హడ్సన్ తీసిన కుక్క కరవొచ్చే ఫోటో చూసే ఉంటరు, అందుల ఉన్న వాల్టర్ గాడ్స్‌డెన్ అనే హైస్కూల్ పిల్లగాడు అసలు ఊరేగింపుల లేడు, చూడనీకి వచ్చిండు. ఫోటో కింద తప్పు మాట రాస్తే అదే నిలబడిపోతది, అందుకే మీ వీడియోల కింద తారీకు, ఊరు సక్కగ రాయుండ్రి ముందు.

మూర్‌కు 1989ల కోడాక్ వాళ్లు క్రిస్టల్ ఈగల్ అని మొదటి అవార్డు ఇచ్చిన్రు. 26 ఏండ్లకు.

ప్రశ్న: గూగుల్ నుంచి డౌన్‌లోడ్ చేసి ఫ్లెక్స్ కొట్టిస్తే కేసు అయితదా? ఫ్లెక్స్ షాపాయన ఏం కాదు అంటుండు.
– సిరోంచ

జవాబు: షాపాయన అట్లనే అంటడు, ఆయనకు చదరపు ఫీటు లెక్క. విథర్స్ ఫోటోలు, మూర్ ఫోటోల హక్కులు ఇంకొకరివి, అనుమతి తీసుకోవాలె. ఊరి జయంతి ఫ్లెక్స్ మీద ఎవరూ కేసుకు రాకపోవచ్చు, గని ఫోటోగ్రాఫర్‌ను గౌరవించనీకి పెట్టే సభల ఫోటోగ్రాఫర్ ఫోటో దొంగతనం చేసుడు బాగుంటదా చెప్పు. నీకు ఉచితంగ దొరికేటివి ఉన్నయ్. గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫర్ 1942ల అమెరికా ప్రభుత్వ శాఖ కోసం తీసిన ఫోటోలు అక్కడి జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌ల పెద్ద సైజుల ఉంటయ్, ఎవరైనా వాడుకోవచ్చు. అందుల ఎల్లా వాట్సన్ అని వాషింగ్టన్ ఆఫీసులు ఊడ్చే ఆమె ఫోటో ఒకటి ఉంటది, ఎనక పెద్ద జెండా, ఒక చేతి దిక్కు చీపురు, ఇంకో దిక్కు తుడిచే కర్ర. అది పెట్టు, మన తల్లులకు వివరించాల్సిన పనే ఉండదు. పార్క్స్ తన మొదటి కెమెరా తాకట్టు కొట్టుల కొన్నడు, 7 డాలర్ల 50 సెంట్లకు.

మీ ఊరి ఫోటోల సంగతి వేరే. మన కాపీరైట్ చట్టం 1957 లెక్కన, మీరు పైసలిచ్చి తీయించుకున్న పెండ్లి ఫోటో మీద, వేరే ఒప్పందం లేకుంటే, హక్కు మీది. గని ఆ తాత తనంతట తాను పోయి తీసిన మోర్చా ఫోటో మీద హక్కు తాతది, ఆయన బతికున్నన్ని రోజులు, ఆయన పోయినంక ఇంకో 60 ఏండ్ల దాకా. హక్కు అమ్ముకున్నా గూడ తీసింది నేనే అని పేరు అడిగే హక్కు తీసినోనికి ఉంటనే ఉంటది. ఆ మోర్చా ఫోటోలను ఎన్ని పార్టీలు పేరు లేకుండ పోస్టర్ల మీద ఏసుకున్నయో తాతను అడుగు, లెక్క చెప్తడు.

ప్రశ్న: మా బాపు గూడ ఫోటోగ్రాఫరే, పోయి తొమ్మిదేండ్లు. అటక మీద నెగెటివ్‌ల డబ్బాలు తెరిస్తే పచ్చళ్లల్ల పోసే వెనిగర్ వాసన వచ్చింది. పారెయ్యాల్నా?
– ధర్మాబాద్

జవాబు: పారెయ్యకు చెల్లే, గని ఆలస్యం గూడ చెయ్యకు. ఆ వాసన అంటే ఫిల్మ్ కుళ్లుతున్నట్టు. పాత ఫిల్మ్ ఎసిటేట్‌తోటి చేసేటోళ్లు, వేడి, తేమ తగిలితే అది ఆమ్లం అయి వెనిగర్ వాసన కొడతది, తర్వాత ముడుచుకుంటది, పై పొర పలిగిపోతది. ఒక్కసారి మొదలైతే ఎనక్కి తిప్పేటట్టు లేదు, నెమ్మది చెయ్యగలం అంతే. పైగ అది పక్కదానికి అంటుకుంటది, కుళ్లిన ఉల్లిగడ్డ లెక్క. అందుకని వాసన వచ్చే డబ్బాలు, రానివి ఈ రోజే వేరు చెయ్యి. రేకుల ఇంటి అటక అంటే మన ఎండలకు పొయ్యి మీద పెట్టినట్టే, కింద సల్లగ, ఆరిన జాగల పెట్టు. ప్లాస్టిక్ కవర్లల్ల బిగించి కట్టకు, మామూలు కాగితం కవర్లు మంచివి. బూజు ఉన్నదని నీళ్లతోటి మాత్రం కడగకు, మీది పొర జారిపోతది. అంచులు పట్టుకో, వేలు మధ్యల పెట్టకు.

వాసన వచ్చేటివే ముందు స్కాన్ చేపియ్యి. పైసలు లేకుంటే ఫోన్‌తోటి చెయ్యి, ఇంకో ఫోన్‌ల తెల్ల స్క్రీన్ పెట్టి దాని మీద నెగెటివ్‌ను ఆనించకుండ రెండు వేళ్ల ఎత్తుల పట్టుకొని, లేకుంటే స్క్రీన్ చుక్కలు పడతయ్, చీకటి గదిల ఫోటో కొట్టి రంగులు తిరగేసుకో. గొప్పగ రాదు, గని ఏమీ లేనిదాని కంటే నయం. ఎంత పని ఉంటదో గూడ చెప్త, 35 ఎంఎం రోల్ అంటే 36 ఫోటోలు, చదరపు పెద్ద నెగెటివ్ అయితే రోల్‌కు 12. ఒక్కదానివే కూసోకు, మీ అమ్మను పక్కన కూసోబెట్టుకో, ఎవరి పెండ్లో, ఏ మోర్చానో ఆమెకు తెలిసినంత నీకు తెల్వదు.

మా తాత ఫోటో సంగతి చెప్తనంటి గద. చెదలు పడతదని భయపడి నేను దాన్ని లామినేషన్ చేపిచ్చిన. ఆ షాపుల మిషన్ వేడి ఎక్కువై తాత మొహం మీద బుడగ లేచింది, ఇప్పుడు దాన్ని తీస్తే ఫోటో పొర ఊడొస్తది, తియ్యకుంటే బుడగ ఉంటది. నెగెటివ్ లేదు. తెల్ల అంగీ మాత్రం సక్కగనే కనిపిస్తది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. సత్కారం రోజు స్టూడియో తాతను ఫోటో తీసే పని నాకు ఇచ్చిన్రు, నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. నాకు భయం అయితుంది.
– బల్లార్షా

జవాబు: భయం ఎందుకు బిడ్డా. సభ రోజు దాకా ఆగకు, రేపు బడి అయినంక స్టూడియోకు పో. శాలు కప్పినప్పుడు అందరూ తీస్తరు, నువ్వు ఆయన పనిచేసుకుంట ఉన్నప్పుడు తియ్యి, నెగెటివ్ లైటుకు పెట్టి చూస్తున్నప్పుడు, గోడ మీది మెంఫిస్ ఫోటో గూడ ఎనక కనిపించేటట్టు. ఫ్లాష్ ఎయ్యకు, ఫోటో మీది అద్దం మెరుస్తది. కిటికీ నీ ఎనక దిక్కు ఉండాలె. ఎట్ల నిలబడాలె తాతా అని ఆయన్నే అడుగు, నీ తప్పులు ఆయన చెప్తడు, 40 ఏండ్లల్ల ఆయనను ఎవరూ అట్ల అడిగి ఉండరు. తర్వాత ఒక కాపీ కడిగిచ్చి ఎనక దిక్కు మెత్తటి పెన్సిల్‌తోటి మెల్లగ రాయి, బాల్‌పెన్ వద్దు, సిరా ఇటు దిగుతది. తాత పేరు, ఊరు, తారీకు. దాని కింద తీసింది ఎవరో, నీ పేరు.